చిలుము పట్టని రాగి

మీటరు ముల్లు పన్నెండు దగ్గర ఆగాలి. ఆగలేదు. ముప్ఫై దాటి అంచుకు కొట్టుకుని, టక్కున సున్నాకి పడిపోయింది. ఫ్యూజు పోయింది.

ఆర్డెల్ వోస్ మోకాళ్ళ మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. ఇదే ట్రైలర్, ఇదే మీటరు, షెరీఫ్ ఆఫీసు వాళ్ళ ఇదే యార్డు. కిందటి జూలైలో ఇదే పరీక్ష తన చేతులతో తనే చేసింది. అప్పుడు ముల్లు పన్నెండు దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. నాలుగు చక్రాలకు నాలుగు అయస్కాంతాలు, ఒక్కోటి మూడు ఆంపియర్లు లాగుతుంది. లెక్క సరిపోయింది. 'ట్రైలర్ కరెంటు బ్రేకులు సరిగా పనిచేస్తున్నాయి' అని రాసి సంతకం పెట్టింది. ఆ సంతకం మీద వెండెల్ రూప్ అనే అరవై ఆరేళ్ళ మనిషికి తొమ్మిదేళ్ళ జైలు పడింది.

వెండెల్ చెరువు దగ్గర నాలుగు రోజులు చేపలు పట్టుకుని, ఆ రోజు చిన్న ఇల్లులా ఉండే తన ట్రైలర్ లాక్కుంటూ హ్యాచెట్ కనుమ దిగుతున్నాడు. దిగువన మూడు రోడ్లు కలిసేచోట ఒక చిన్న కారు ఆగి ఉంది. అందులో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వెండెల్ పికప్పు, వెనకనున్న మూడున్నర టన్నుల ట్రైలర్ కలిసి ఆ కారును గడ్డి కోసే పొలంలోకి ఈడ్చుకుపోయాయి. ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. ట్రైలర్ బ్రేకులకు పికప్పులో చేత్తో నొక్కే లివరు ఒకటుంటుంది, దాన్ని నొక్కుతూనే ఉన్నానని, సగం దిగాక బ్రేకులు పోయాయని వెండెల్ చెప్పాడు. పికప్పు ముందుభాగం కాలి బూడిదైంది, దాంట్లో తేల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. సాక్ష్యం చెప్పడానికి ట్రైలర్ ఒక్కటే మిగిలింది. అది ఆర్డెల్ మీటరు ద్వారా చెప్పింది, బ్రేకులు బాగానే ఉన్నాయని. మధ్యాహ్నం వెండెల్ తాగిన రెండు బీర్లను ప్రాసిక్యూటరు పట్టుకున్నాడు. రిపోర్టు చూసిన సొంత లాయరే నేరం ఒప్పుకోమన్నాడు. వెండెల్ ఒప్పుకున్నాడు.

అతని కూతురు షెల్బీ ఒప్పుకోలేదు. నెలల తరబడి జడ్జికి అర్జీల మీద అర్జీలు పెట్టింది. చివరికి జడ్జి విసిగి, ట్రైలర్‌ను తుక్కు కింద తీసేసే ముందు ఒక్కసారి మళ్ళీ పరీక్షించమన్నాడు. ఆ చుట్టుపక్కల నాలుగు జిల్లాల్లో ఈ పని తెలిసింది ఆర్డెల్ ఒక్కతే. హైవే పోలీసు తనిఖీ విభాగంలో ఇరవై ఎనిమిదేళ్ళు చేసి రిటైరైంది.

"ఏమైంది మేడమ్? మీటరు కూడా రిటైరైందా?" షెరీఫ్ డెప్యూటీ కార్విన్ తన బండిలోంచి అడిగాడు. కాపలాకని వచ్చి, ఏసీ వేసుకుని, ఒళ్ళో సాండ్‌విచ్ పెట్టుకుని కూర్చున్నాడు.

ఫ్యూజు పోయిందని, ఇంకోటి వేస్తున్నానని ఆర్డెల్ చెప్పింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది. తలలో మాత్రం ఒకటే ప్రశ్న. పది నెలలుగా ఈ బండి అంగుళం కదల్లేదు. అప్పుడు బాగున్న వైరు, నిలబడ్డ బండిలో ఎలా పాడవుతుంది?

వెల్లకిలా పడుకుని ట్రైలర్ కిందికి జారింది. ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి బ్రేకు కరెంటు వెళ్ళే వైరు ఇరుసు గొట్టం లోపలినుంచి పోతుంది. ముందు ఇరుసులో ఒకటి, వెనక ఇరుసులో ఒకటి. వెనకది తేలిగ్గా అందింది. రెండు చివర్లూ విడదీసి, ఒక దారం కట్టి, మెల్లగా బయటికి లాగింది.

మధ్యలో నాలుగు అంగుళాల మేర ప్లాస్టిక్ తొడుగు లేదు. లోపలి రాగి, టంకశాలలోంచి అప్పుడే బయటపడ్డ నాణెంలా మెరుస్తోంది. తొడుగు అంచుల్లో అడ్డంగా, ఒకే వరసలో సన్నటి గీతలున్నాయి. ఆకురాయి గీతలు. ఒరుసుకుని అరిగిన వైరుకు అలాంటి గీతలుండవు.

ఆర్డెల్ తల పక్కకు తిప్పింది. కంచె అవతల షెల్బీ తన పికప్పుకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. పొలాల్లో చక్రాల మీద తిరిగే నీటి యంత్రాలను బాగుచేయడం ఆమె బతుకుతెరువు. వైర్లతో, మోటార్లతో రోజంతా కుస్తీ పట్టే చేతులు. పరీక్ష చూడడానికి వచ్చిన మనిషి పరీక్ష చేసేవాళ్ళ మొహం చూస్తుంది. షెల్బీ ఆర్డెల్ మొహం చూడడం లేదు. వెనక ఇరుసు వైపే చూస్తోంది.

ట్రైలర్ తలుపుకు షెరీఫ్ ఆఫీసు సీలు వేసింది. తాళానికీ వేసింది, కిటికీలకీ వేసింది. కడుపు కింద సీలు వేయాలని ఎవరికి తోస్తుంది?

ఆర్డెల్‌కు మొదట కలిగింది కోపం కాదు. ఊరట. తను తప్పు చేయలేదు. బ్రేకులు అప్పుడు బాగానే ఉన్నాయి, ఈ పిల్ల వచ్చి పాడుచేసింది, అంతే. పది నెలలుగా గుండెల మీద ఉన్న రాయిని ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. కార్విన్‌ను పిలిచి వైరు చూపిస్తే సాయంత్రానికల్లా షెల్బీ చేతులకు బేడీలు పడతాయి. పిలవడానికి నోరు తెరిచింది కూడా.

కానీ పరీక్ష సగంలో వదలడం ఆమెకు అలవాటు లేదు. ఆ వైరును పక్కన పెట్టి, విప్పిన చివరలకు టేపు చుట్టి, కొత్త ఫ్యూజు వేసి మళ్ళీ కరెంటు ఇచ్చింది. ఒక చక్రం తప్పుకుంది కనుక మూడు అయస్కాంతాలు. ముల్లు తొమ్మిది దగ్గర నిలబడింది. సరిగ్గా తొమ్మిది. జాకీల మీద లేపిన చక్రాలను చేత్తో తిప్పి బ్రేకు లివరు నొక్కితే మూడూ ఠక్కున ఆగాయి. కిందటిసారి లాగే.

అప్పుడు ఆమెకు ఆ మాట గుర్తొచ్చింది. వెండెల్ వాంగ్మూలంలో రెండో పేజీ. 'పై మలుపుల్లో బ్రేకులు పట్టాయి. పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా పరిచిన ఇనప గొట్టాలు దాటాక పట్టలేదు.' కిందటేడు ఆ వాక్యం చదివింది, దాటిపోయింది. తప్పించుకోవాలని చూసేవాళ్ళు ఇలాంటి వివరాలు చాలానే చెబుతారు.

షెల్బీ దాటిపోలేదు. గొట్టాల మీద కుదుపు, కుదుపుకు ఇరుసు వంగడం, వంగితే లోపలి వైరు ఒరుసుకోవడం. ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని వరసగా ఇవన్నీ ఆలోచించింది. ఆకురాయి పట్టుకుని సరిగ్గా ఆ వైరు దగ్గరికే వచ్చింది.

ఆర్డెల్ జాకీల వంక చూసింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమె ట్రైలర్లన్నిటినీ జాకీల మీదే పరీక్షించింది. చక్రం గాల్లో ఉంటే తిప్పడం సులువు, వినడం సులువు, రాయడం సులువు. గాల్లో వేలాడే చక్రానికి బరువుండదు. బరువు లేని ఇరుసు వంగదు.

జాకీలు దించేసింది.

కార్విన్ గొణుక్కుంటూనే గొట్టం తెచ్చి ట్రైలర్ నీళ్ళ తొట్టి నింపాడు. ఆ రోజు బయలుదేరేముందు వెండెల్ తొట్టి మళ్ళీ నింపుకున్నాడని అతని వాంగ్మూలంలోనే ఉంది. ట్రైలర్ ముందుభాగం నలిగినా కొక్కెం నిలిచింది. దాన్ని తన పికప్పుకు తగిలించి, మీటరు తీగలు కిటికీలోంచి లోపలికి తెచ్చుకుని, ముల్లు కళ్ళెదురుగా ఉండేలా స్టీరింగు దగ్గర పెట్టుకుంది. బ్రేకు లివరు సగం నొక్కిపట్టి బయలుదేరింది. ట్రైలర్ మొండికేసిన గేదెలా వెనక్కి లాగుతూ వచ్చింది. ముల్లు నాలుగున్నర. గేటు దగ్గర మురుగు కాలువ మీద రైలు పట్టాల కింద వేసే పాత చెక్క దుంగలు పరిచి ఉన్నాయి. పికప్పు వాటి మీద దడదడమంటూ ఎక్కి దిగింది. తర్వాత ట్రైలర్ ముందు చక్రాలు ఎక్కాయి.

ముల్లు అంచుకు ఎగిరింది. సున్నాకి పడింది. ఫ్యూజు మళ్ళీ పోయింది.

వెనక్కి లాగుతున్న బరువు ఒక్కసారిగా వదిలేసింది. మరుక్షణం ట్రైలర్ ముందుకొచ్చి, వెనకనుంచి ఎవరో భుజం మీద చెయ్యేసి తోసినట్టు పికప్పును తోసింది. ఆర్డెల్ బండి ఆపింది. నడుస్తున్నంత వేగంలోనే ఆ తోపు ఇలా ఉంది. హ్యాచెట్ దిగుడులో, నలభై అయిదు మైళ్ళ వేగంలో ఎలా ఉండి ఉంటుంది?

ముందు ఇరుసు వైరు బయటికి తీయడానికి గంట పట్టింది. ప్రమాదంలో వంగిన తలుపు కింది మెట్టు దానికి అడ్డంగా నలిగి ఇరుక్కుపోయింది. దాని బోల్టుల తుప్పు మీద గీత కూడా లేదు. ఆ మెట్టును ప్రమాదం తర్వాత ఎవరూ కదిలించలేదు. గునపంతో పైకెత్తి వైరు లాగింది. బొటనవేలంత మేర తొడుగు అరిగి, నల్లటి పొడి రాలింది. లోపలి రాగి ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. ఎన్నో చలికాలాల రోడ్డు ఉప్పు తిన్న చిలుము. రాత్రికి రాత్రి ఎవరూ పుట్టించలేనిది.

ఆర్డెల్ ట్రైలర్ కింద, మట్టిలో, చాలాసేపు అలాగే పడుకుంది. ఊరట ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. జాకీల మీద తను పాస్ చేసిన మిగతా ట్రైలర్లు ఎన్నో లెక్కపెట్టబోయి మానేసింది.

రెండు వైర్లనూ దొరికినవి దొరికినట్టే మళ్ళీ గొట్టాల్లోకి తోసి బయటికొచ్చింది. కార్విన్ మూతి తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"తేలిందా?"

"రేపు రాస్తాను."

"ఏదో ఒకటి రాసేద్దురూ. బాగున్నాయని రాస్తే శుక్రవారం ఓడెన్ వచ్చి తుక్కు కింద పట్టుకుపోతాడు, మనకి చోటు ఖాళీ అవుతుంది. బాలేవని రాశారనుకోండి, రాజధాని షయాన్ నుంచి ప్రాసిక్యూటరు మనిషొకడు దిగుతాడు. ప్రతి నట్టూ విప్పి నేల మీద పరుస్తాడు. నేను ఇంకో మూడు రోజులు ఇక్కడ ఎండలో సాండ్‌విచ్ తినాలి." కంచె మూలకేసి చెయ్యి చూపించాడు. "మార్చిలో ఎవడో ఆ కంచె కత్తిరించాడు, రాగి దొంగలనుకున్నాం. ఏమీ పోలేదు. కెమెరాలో పికప్పు తోక ఒక్కటి పడింది. ఈ గొడవ మొదలైతే అదీ తీసి చూస్తారు."

ఆర్డెల్ కంచె అవతలికి చూసింది. షెల్బీ పికప్పు వెనక తలుపు తెల్లగా ఉంది, దాని ఎడమ మూల సొట్ట.

అప్పటికి ఆమెకు అంతా అర్థమైంది. నిజం రాస్తే వెండెల్‌కు దారి దొరకొచ్చు, కానీ ఆ దారిలో మొదట బయటపడేది మెరిసే రాగి. సాక్ష్యం పాడుచేసినందుకు షెల్బీ జైలుకు పోతుంది. కూతురు ఒక వైరు గీసిందంటే రెండోది మాత్రం గీయలేదని నమ్మేదెవరు అని ప్రాసిక్యూటరు అడుగుతాడు. అబద్ధం రాస్తే ఎవరూ ఏమీ చూడరు.

మర్నాడు పొద్దున్నే జైలుకు వెళ్ళింది.

వెండెల్ రూప్ అద్దం అవతల కూర్చుని ఫోను అందుకున్నాడు. కోర్టులో చూసినప్పటికంటే సగమయ్యాడు. ఆమెను గుర్తుపట్టి చిన్నగా తలాడించాడు. తిట్టలేదు. తిడితే ఆమెకు సులువుగా ఉండేది.

ఆర్డెల్ చుట్టూ తిప్పకుండా చెప్పింది. ముందు ఇరుసు వైరు, చిలుము, దుంగల మీద పడిపోయిన ముల్లు. కిందటేడు తను జాకీల మీద చేసిన పరీక్ష. తన తప్పు. అతను వింటూ తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

"నొక్కానా అయితే," అన్నాడు చివరికి. "మీ కాగితం చూసిన రోజునుంచి నాకే అనుమానం మేడమ్. మీటరు బాగుందంటోంది కదా, నేనే నొక్కలేదేమో, భయంతో చెయ్యి లివరు దాకా పోలేదేమో అని. ఆ ఇద్దరి ఫోటోలు చూపించి జడ్జి అడిగితే అందుకే తలూపేశాను."

"నొక్కారు."

అతను కళ్ళు మూసుకుని తెరిచాడు. తర్వాత కూతురికి తెలుసా అని అడిగాడు. ఆర్డెల్ అప్పుడు వెనక ఇరుసు సంగతి చెప్పింది. కత్తిరించిన కంచె, ఆకురాయి గీతలు, కెమెరాలో పడ్డ పికప్పు. నిజం రాస్తే ఏం జరుగుతుందో, రాయకపోతే ఏం జరుగుతుందో, కార్విన్ చెప్పింది చెప్పినట్టు చెప్పింది.

వెండెల్ నవ్వినట్టు ముక్కుతో ఊపిరి వదిలాడు. "పిచ్చి మొద్దు. చిన్నప్పుడూ ఇంతే. సైకిలు చైను ఊడితే ఎక్కించడానికి ఆగేది కాదు, రాయి పెట్టి కొట్టేది." నవ్వు పోయింది. "దాని కూతురికి ఏడేళ్ళు. దాని మొగుడు పోయాడు. మీరు బాగున్నాయనే రాయండి."

"వెండెల్ గారూ..."

"ఒకసారి రాశారుగా. ఇంకోసారి రాయడానికి చెయ్యి నొప్పెడుతుందా?"

"అప్పుడది పొరపాటు. ఇప్పుడు రాస్తే అబద్ధం."

"నాకు రెంటికీ తేడా తెలియలేదు మేడమ్. తొమ్మిదేళ్ళే పడ్డాయి."

అతను అద్దానికి దగ్గరగా జరిగాడు. ఇంకొక్కటి, అన్నాడు. షెల్బీకి ఏమీ తెలియకూడదు. ముందు వైరు నిజంగానే పోయిందని, తను చెయ్యి పెట్టకపోతే నాన్న బయటికొచ్చేవాడని తెలిస్తే అది బతకదు.

"మరి మీరు అబద్ధం చెప్పారనుకుంటుంది."

"అనుకోనీ. నన్ను తిట్టుకుంటూ బతుకుతుంది. తనని తాను తిట్టుకుంటే ఎన్నాళ్ళో బతకదు. మీరు నాకు బాకీ ఉన్నారు కదా, ఇది తీర్చండి."

ఆర్డెల్ మాటిచ్చింది. గురువారం మధ్యాహ్నం ఇంట్లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కిందటేడు రాసిన వాక్యాన్నే అక్షరం మార్చకుండా మళ్ళీ రాసింది. కింద సంతకం పెట్టింది. పెట్టాక చేతులు కడుక్కుంది. చేతులకు ఏమీ అంటలేదు, అయినా కడుక్కుంది.

శుక్రవారం పది గంటలకు ఓడెన్ తుక్కు యార్డులో గాలి దుమ్ము లేపుతోంది. సాక్ష్యంగా ఉన్న బండిని నలిపేటప్పుడు పరీక్షించిన మనిషి దగ్గరుండి, చట్రం మీది నంబరు సరిచూసి కాగితం మీద సంతకం చేయాలి. ఆర్డెల్ నంబరు చూసింది. సంతకం ఇంకా చేయలేదు. ఓడెన్ డెబ్బై ఏళ్ళ ముసలివాడు, పొగాకు నములుతూ క్రేను ఎక్కాడు. గొలుసులు బిగిశాయి, ట్రైలర్ నేల వదిలింది.

తెల్ల పికప్పు ఒకటి వచ్చి గేటు దగ్గర ఆగింది. షెల్బీ దిగి, పరుగూ కాదు నడకా కాదన్నట్టు వచ్చింది. రిపోర్టు కాపీ చేతిలో నలిగి ఉంది.

"వెనక ఇరుసు చూశారా?" పలకరింపు లేకుండా అడిగింది.

"చూశాను."

"విప్పి చూశారా, ఊరికే మీటరు పెట్టి వదిలేశారా?"

"విప్పి చూశానమ్మా."

షెల్బీ ఆమె మొహంలో వెతికింది. తను గీసిన వైరును ఈ ముసలమ్మ చూసి ఉండాలి. చూస్తే ఈ రిపోర్టు ఇలా ఉండకూడదు. ఆ లెక్క ఆమెకు తేలడం లేదు, అడగాలంటే తన నోటితో తనే ఒప్పుకోవాలి.

పైన ట్రైలర్ గాలికి మెల్లగా తిరిగింది. క్రషర్ నోరు తెరుచుకుని ఉంది.

"అంటే అంతా బాగానే ఉందన్నమాట," అంది షెల్బీ. గొంతు చల్లగా, చదునుగా ఉంది. "మా నాన్న లివరు ముట్టుకోలేదన్నమాట. రెండు బీర్లు తాగి కునికాడు, ఇద్దర్ని చంపాడు, పది నెలలుగా వారం వారం అద్దం అవతల కూర్చుని నా కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పాడు. నేనేమో అర్జీలు పట్టుకుని తిరిగాను. కంచెలు..." ఆగింది. "ఇక నేను అక్కడికి వెళ్ళను. ఈ వారంతో సరి. ఆయన చచ్చినా వెళ్ళను."

అనుకోనీ, అన్నాడు వెండెల్. తిట్టుకుంటూ బతుకుతుందని. ఆర్డెల్ కాగితం కింద పెట్టుకున్న అట్ట అంచును గట్టిగా పట్టుకుంది. మాటిచ్చింది. ఈ ఒక్కటీ నోరు మూసుకుని దాటితే చాలు. అయిదు నిమిషాల్లో ట్రైలర్ బల్లంత మందాన మిగులుతుంది. ఆ తర్వాత ఎవరు ఎవరికి ఏం చెప్పినా ఒకటే.

"నొక్కాడు," అంది.

షెల్బీ తల తిప్పింది.

"మీ నాన్న బ్రేకు నొక్కాడు. ముందు ఇరుసులో వైరు అరిగిపోయింది. దాని రాగి చిలుము పట్టి ఉంది, ఏళ్ళనాటిది. కుదుపు వస్తే గొట్టానికి తగులుతుంది. నేను బండిని జాకీల మీద లేపి చూశాను కనుక నాకు దొరకలేదు. తప్పు నాది." ఊపిరి పీల్చుకుంది. "నువ్వు గీసిన రాగికి చిలుము లేదమ్మాయ్."

షెల్బీ తన చేతులకేసి చూసుకుంది. తండ్రి అద్దం అవతల చూసుకున్నట్టే చూసుకుంది.

"ముందుది కూడా తీద్దామనే అనుకున్నాను," అంది నెమ్మదిగా. "మెట్టు అడ్డం వచ్చింది. కుక్కలు అరుస్తున్నాయి. ఒకటి చాల్లే అనుకున్నాను." ఆర్డెల్ వైపు తిరిగింది. "నాన్నకి తెలుసా?"

"తెలుసు. అలా రాయమన్నది ఆయనే. నీకు చెప్పొద్దన్నదీ ఆయనే."

షెల్బీ ఏడవలేదు. నలిగిన రిపోర్టును రెండుగా మడిచి జేబులో పెట్టుకుంది. పెట్టుకుంటూ ఒక్క ప్రశ్న అడిగింది, తను వెళ్ళి చెబితే ఎన్నేళ్ళు పడుతుందని. అయిదు దాకా పడొచ్చని, అప్పుడు కూడా ముందు వైరును కోర్టు నమ్ముతుందన్న హామీ లేదని ఆర్డెల్ చెప్పింది. ఇద్దరూ లోపలే ఉండిపోవచ్చు. ఆమె దాచలేదు. దాచడం ఆమెకు నిన్ననే చాలైంది.

"పాపను మా అత్తగారింట్లో దింపాలి ముందు," అంది షెల్బీ, ఎవరితోనో సరుకుల సంగతి మాట్లాడుతున్నట్టు.

అంటూనే క్రేను వైపు నడిచింది. నడక పరుగైంది. ఓడెన్ చెయ్యి లివరు మీద ఉంది, ట్రైలర్ క్రషర్ నోటికి మూరెడు ఎత్తులో ఉంది.

"ఓడెన్ గారూ, ఆపండి," అని అరిచింది. "దాన్ని దించకండి."

ముసలివాడు చెవి దగ్గర చెయ్యి పెట్టి ఆర్డెల్ కేసి చూశాడు. ఇది షెరీఫ్ ఆఫీసు పని, ఆపమనడానికి ఈ పిల్ల ఎవరని ఆ చూపు. ఆర్డెల్ సంతకం చేయని కాగితాన్ని పైకెత్తి, అతను చూస్తుండగా నిలువునా చింపింది. మోటారు ఆగింది.

తర్వాత ఫోను తీసింది. కార్విన్ రెండో రింగుకే ఎత్తి, చోటు ఖాళీ అయిందా అని హుషారుగా అడిగాడు. లేదని చెప్పింది. నిన్నటి తన రిపోర్టు అబద్ధమని, తెలిసే రాశానని, కిందటేటిది తెలియక రాశానని, రెండూ రాసుకోమని చెప్పింది. మేడమ్, మీరెక్కడున్నారో అక్కడే ఉండండి, అన్నాడు కార్విన్. ఆ గొంతులో వెటకారం లేదు.

షెల్బీ క్రషర్ పక్కన ఒక పాత టైరు మీద కూర్చుని, అత్తగారికి ఫోను చేసి, పాపను బడినుంచి తీసుకురమ్మని చెబుతోంది. రాత్రికి మాకరోనీ చేసిపెడితే తింటుందని, పడుకునేటప్పుడు దీపం ఆర్పొద్దని చెబుతోంది. ఆర్డెల్ ఆమెకు కొంచెం దూరంలో నిలబడింది.

పైన గొలుసుల మీద ట్రైలర్ అలాగే ఆగిపోయి ఉంది. గాలి వీచినప్పుడల్లా నాలుగు చక్రాలూ గాల్లో తేలిగ్గా, ఏ లోపమూ లేనట్టే తిరుగుతున్నాయి.